నోరెత్తని ఒడంబడిక

ఒకానొక ఏటి ఒడ్డు రాజ్యంలో, కోట ఉత్తరపు వాకిలి పక్కనే, ఒడంబడికలు రాయడం నేర్పే పాఠశాల ఒకటి ఉండేది. ఒకరు ఇల్లు అమ్ముకున్నా, ఎద్దుల్ని అద్దెకిచ్చినా, రెండు ఊళ్లవాళ్లు కలిసి కాలువ తవ్వుకున్నా, ఆ మాటలన్నీ తాటాకుల మీద తేటగా రాసిపెట్టి, తర్వాత తగువొస్తే వాళ్ల తరఫున సభలో నిలబడి మాట్లాడే పత్రలేఖకులు అక్కడే తయారయ్యేవారు. మూడేళ్లు చదువు, రెండేళ్లు పెద్ద లేఖకుడి దగ్గర చేతిపని, ఆపైన పరీక్ష. నెగ్గినవాడికి కంచుముద్ర ఇచ్చేవారు. ఆ ముద్ర లేని పత్రం సభలో చెల్లదు.

ఆ పాఠశాలకి గురువు బయ్యన. ఇరవై ఆరేళ్లుగా ఒకే పాఠం చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది, ఓపిక అరిగిపోయింది.

"ఒడంబడిక అంటే ఏమిటి?" అని ఆ రోజు ఉదయం కూడా అడిగాడు.

చెన్నుభట్టు లేచాడు. ముప్పై ఏళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పాడు.

"అది సందర్భాన్ని బట్టి ఉంటుంది, గురువుగారూ."

బయ్యన కళ్లు గట్టిగా మూసుకుని తెరిచాడు. "నీ పేరేమిటని అడిగినా ఇదే చెప్పేట్టున్నావు. విను నాయనా. ఒకడు అడగాలి. రెండోవాడు సరేననాలి. ఇద్దరికీ ఏదో ఒకటి దక్కాలి. ఆ మాట ఇద్దరూ బెదురు లేకుండా మనసారా అనాలి. నాలుగే ముక్కలు. ఇందులో నీకు సందర్భం ఎక్కడ కనబడింది?"

"ఆ బెదురు ఎంత అన్నదాన్ని బట్టి..."

"కూర్చో!"

అంతలో రాజభటుడు వచ్చి, గురువుగారు ముద్ర తీసుకుని వెంటనే సభకి రావాలని ప్రభువుల ఆజ్ఞ అన్నాడు.

ఆ రాజ్యాన్ని ఏలే కంపరాయుడు చెడ్డవాడేం కాదు. కానీ తన మాట తనకే వీనులవిందు. ఒక వాక్యం పూర్తిచేసి, అది బాగుందన్నట్టు తనే తలూపుకుని, అప్పుడు రెండో వాక్యం మొదలుపెట్టేవాడు. బయ్యన సభలోకి అడుగుపెట్టేసరికి సింహాసనం ముందు పడవవాళ్ల పెద్ద పోలమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక పదిమంది పడవవాళ్లు. ఆమెకి అటొకడు ఇటొకడు ఈటెలు పట్టిన భటులు.

"వినండి," అన్నాడు రాజు. "ఈ మూడు నెలలూ మేము ఏట్లో జలవిహారం చేస్తాం. మీ నలభై పడవలూ మాకు కావాలి. అందుకు ప్రతిఫలంగా మీకు ప్రతిరోజూ మా దర్శనభాగ్యం కలుగుతుంది. ఏమంటారు?"

పోలమ్మ తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయిగానీ నోరు పెగల్లేదు. భటుల్లో ఒకడు ఈటెని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

రాజు మూడు ఊపిరుల సేపు ఆగాడు. "ఎవరూ కాదనలేదు. కాబట్టి ఒప్పుకున్నారు. బయ్యనా, రాసి ముద్ర వెయ్యి."

"ప్రభూ," అన్నాడు బయ్యన, "వాళ్లు సరేననలేదు కదా?"

"కాదనలేదు కదా?"

"ఆమె తల ఊపుతోంది, ప్రభూ."

"మెడ నొప్పేమో! తల ఊపడం కూడా ఒక భాషేనా? బయ్యనా, నీ పాఠాల్లో చాదస్తం ఎక్కువైంది. ఇవాళ్టి నుంచి మేము చెప్పిందే పాఠం. శాసనం రాసుకో." రాజు గొంతు సవరించుకున్నాడు. "మా సభలో ఒక ప్రతిపాదన విన్నాక, నోరు తెరిచి కాదనని వాళ్లెవరైనా దానికి ఒప్పుకున్నట్టే. తల ఊపినా, చేతులు ఊపినా, కన్నీళ్లు పెట్టినా లెక్కలోకి రావు." తన వాక్యానికి తనే తలూపుకున్నాడు. "పరీక్షలో ఈ జవాబు రాయనివాడికి ముద్ర లేదు."

బయ్యనకి ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్లు అరిచి అరిచి బుర్రలకెక్కించిన నాలుగు ముక్కలూ మూడు ఊపిరుల్లో ఏట్లో కలిసిపోయాయి. ఇక శిష్యులు అబద్ధం రాస్తే ముద్ర, నిజం రాస్తే ఇంటిదారి. ఎదురు చెబుదామంటే ఈటెలు తన పక్కకి రావడానికి ఎంతోసేపు పట్టదు. గంటం పట్టుకుని శాసనాన్ని మళ్లీ ఒకసారి చదువుకున్నాడు.

"ఒక్క సందేహం, ప్రభూ. మా శిష్యులు మందబుద్ధులు. ప్రతి మాటకీ అర్థం అడుగుతారు. 'ఎవరైనా' అంటే ఎవరని చెప్పమంటారు?"

"ఎవరైనా అంటే ఎవరైనా!" రాజు విసుక్కున్నాడు. "చిన్నా పెద్దా, పేదా గొప్పా, ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరూ. మాకే తెలుగు నేర్పుతావా?"

"చిత్తం. ఆ మాటలు కూడా చేర్చాను. రాజముద్ర పడితే పని పూర్తవుతుంది."

రాజు దర్జాగా ముద్ర వేశాడు. పడవల పత్రం మాత్రం పద్ధతిగా రాయడానికి ఒక్కరోజు గడువు కావాలన్నాడు బయ్యన.

"సరే, రేపు తీసుకురా," అన్నాడు రాజు. "రేపు ఏకాదశి. మాకు మౌనవ్రతమని నీకు తెలుసుగా. నెలకొకటి చొప్పున పన్నెండు ఏకాదశుల మొక్కులో ఇది పదకొండోది. మాట్లాడకపోయినా సభ తీరుస్తాం. నువ్వు చదువు, మేము వింటాం."

బయ్యన బయటికి వచ్చేసరికి కోట మెట్ల మీద పోలమ్మ కూర్చుని ఉంది.

"అయ్యవారూ, మీరు పెద్ద చదువు చదివారు. నేనెప్పుడు సరేనన్నానో కాస్త చెప్పండి."

"మరి కాదని ఎందుకు అనలేదమ్మా?" అన్నాడు బయ్యన. అన్న మరుక్షణం తన మీద తనకే కోపం వచ్చింది.

పోలమ్మ ఆయన మొహంలోకి చూసింది. "అంటే నా తల ఎక్కడుండేదో మీకు తెలీదా? వచ్చే మూడు నెలలూ కోతలు. అవతలి ఒడ్డు కూలీలూ ధాన్యం మూటలూ మా పడవల మీదే దాటాలి. ఏడాది తిండి అప్పుడే సంపాదించుకుంటాం. నా కోడలికి నెలలు నిండాయి, మంత్రసాని ఉండేది అవతలి ఒడ్డున. అప్పుడు రాజుగారి దర్శనం చేసుకోమంటారా?"

బయ్యన గబగబా మెట్లు దిగాడు. పాఠశాలకి వెళ్లి చెన్నుభట్టుని పిలిచాడు.

"రేపు నాతో సభకి రా. నేను చెప్పింది చెప్పినట్టు రాయడమే నీ పని. ఆలోచించకు."

"అసలు ఆలోచించకూడదా, గురువుగారూ? లేక సందర్భాన్ని..."

"చెన్నుభట్టూ, నీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు."

మర్నాడు సభ నిండిపోయింది. పోలమ్మా పడవవాళ్లూ ఒక పక్కన నిలబడ్డారు. కంపరాయుడు పట్టువస్త్రాలు కట్టుకుని, పెదవులు బిగించి, రాతివిగ్రహంలా కూర్చున్నాడు. బయ్యన ముందుకొచ్చి మొదట నిన్నటి శాసనం చదివాడు. రాజు సంతోషంగా తలూపాడు.

"ఇక నా ప్రతిపాదనలు, ప్రభూ," అన్నాడు బయ్యన. "మొదటిది. తమరి పట్టపుటేనుగు మా పాఠశాలకి కావాలి, తాటాకులు మోయడానికి. అందుకు ప్రతిఫలంగా రోజూ మా శిష్యుల దర్శనభాగ్యం తమకి కలుగుతుంది. ఏమంటారు?"

సభలో ఎవరో దగ్గారు. రాజు కనుబొమలు కిరీటం అంచుదాకా లేచాయి. బయ్యన లోపల్లోపలే మూడు ఊపిరులు లెక్కపెట్టాడు.

"కాదనలేదు. రాసుకో చెన్నుభట్టూ."

రాజు రెండు చేతులూ గాలిలో ఆడించాడు.

"చేతులు లెక్కలోకి రావు, ప్రభూ. తమరి శాసనమే. రెండోది. తమరి వంటవాడు పేరిశాస్త్రి ఇవాళ్టి నుంచి రేవులో పడవవాళ్లకి వంట చెయ్యాలి. ప్రతిఫలంగా వాళ్లు తిన్నాక త్రేన్పు వినే భాగ్యం తమది. ఏమంటారు?"

రాజు ఠక్కున పక్కనున్న పలకా బలపం అందుకున్నాడు. బయ్యన చేతులు జోడించాడు. "మన్నించాలి. 'నోరు తెరిచి' అని తమరే సెలవిచ్చారు. రాత పనికిరాదు." రాజుకి పేరిశాస్త్రి చేతి పులిహోర గుర్తొచ్చిందేమో, కళ్లు చెమర్చాయి. "కన్నీళ్లు కూడా లెక్కలోకి రావు, ప్రభూ. ఒప్పుకున్నారు. రాసుకో."

సేనాపతి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. బయ్యన అది చూశాడు. కానీ ఇప్పుడు ఆగితే ఇరవై ఆరేళ్లూ ఆగిపోయినట్టే.

"మూడోది. తమరి కిరీటం మూడు నెలలపాటు పోలమ్మ తల మీద ఉండాలి. ప్రతిఫలంగా, తమరు ఎప్పుడు అడిగినా అది ఎలా ఉందో ఆమె చెబుతుంది. ఏమంటారు?"

ఒక ఊపిరి. రెండో ఊపిరి. పోలమ్మ భయంతో తల మీద కొంగు కప్పుకుంది. చెన్నుభట్టు గంటం ఆకు మీద ఆనించాడు.

"కాదు!" అని గావుకేక పెట్టాడు రాజు. "కాదు! కాదు! కాదు!"

పదకొండో ఏకాదశి మౌనం సభామంటపం కప్పుకి తగిలి ముక్కలైంది. కంపరాయుడు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"బయ్యనా! ఎంత పొగరు నీకు! మా వ్రతం భంగం చేశావు! మేము మాట్లాడలేని సమయం చూసి మా సొత్తంతా పంచిపెడతావా? మా నోరు కట్టేసి ఉందని నీకు తెలీదా?"

"తెలుసు, ప్రభూ," అన్నాడు బయ్యన. ఆయన గొంతులో ఇప్పుడు భయం లేదు, మిగిలింది విసుగొక్కటే. "ఒక్క 'కాదు' అనడానికి తమంతటివారు పదకొండు నెలల వ్రతం చెడగొట్టుకోవలసి వచ్చింది. ఆ మాటే నిన్న పోలమ్మ అని ఉంటే ఆమె మెడ పోయేది. తమరి నోరు కట్టింది మొక్కు. ఆమె నోరు కట్టింది ఈటె. కట్టేసిన నోరు కాదనలేదంటే, సరేనన్నట్టు కాదు. నేను ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నది ఇదొక్కటే."

రాజు మొహం ఎర్రబడింది. అప్పుడు చెన్నుభట్టు మెల్లగా చెయ్యెత్తాడు.

"గురువుగారూ, ప్రభువులు కాదన్నది కిరీటం ఒక్కదానికే కదా? మరి ఏనుగూ, వంటవాడూ మనకి వచ్చినట్టేనా?"

బయ్యన తల పట్టుకున్నాడు.

రాజు చెన్నుభట్టుని చూశాడు. అతను గంటం పట్టుకుని జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాడు. రాజు పెదవి అదిరింది. మీసం కదిలింది. ఆపుకుందామని చూశాడుగానీ వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక సభంతా నవ్వింది. సేనాపతి కూడా కత్తిపిడి వదిలేశాడు.

"వీడికి ముద్ర ఇచ్చెయ్యి, బయ్యనా," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "మా శత్రువుల తరఫున మాట్లాడ్డానికి రాకుండా చూసుకో, చాలు. ఆ శాసనం ఇలా తే."

తన చేత్తోనే తాటాకుని రెండుగా విరిచాడు. తర్వాత భటులని బయటికి పొమ్మన్నాడు.

"పోలమ్మా, ఇప్పుడు చెప్పు. పది పడవలు, ఒక నెల. సరేనా?"

పోలమ్మ భటులు నిలబడ్డ చోటు వైపు చూసింది. అక్కడెవరూ లేరు. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"కాదు, దొరా."

మంత్రులు ఉలిక్కిపడ్డారు. ఆ సభలో రాజుగారికి ఎదురుగా ఆ మాట పుట్టి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

"కోతలయ్యాక ఐదు పడవలు ఇస్తాం, పదిహేను రోజులు," అంది పోలమ్మ. "బదులుగా రాచ అడవి నుంచి మాకున్న పడవకొకటి చొప్పున టేకు దుంగలు ఇప్పించండి. నలభై."

"ఐదు పడవలిచ్చి నలభై దుంగలా? మా దర్శనం మాటేమిటి?"

"దర్శనంతో పడవ చెయ్యలేం, దొరా."

రాజు మళ్లీ నవ్వాడు. "ఇరవై."

"ముప్పై."

"సరే!"

"సరే," అంది పోలమ్మ. చెన్నుభట్టు రాశాడు, బయ్యన ముద్ర వేశాడు. పన్నెండు ఏకాదశులూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలని పురోహితుడు తేల్చాడు. మరో పన్నెండు రోజులు రాజుగారు మాట్లాడరన్న సంతోషాన్ని మంత్రులు పైకి కనబడనివ్వలేదు.

"ఇక నీ సంగతి, బయ్యనా," అన్నాడు రాజు. "పాఠశాలకి కొత్త కప్పు వేయిస్తాం. నీకు దంతపు పిడి ఉన్న గంటం ఇస్తాం. ఏడాదికి రెండు నెలలు పాఠాలు మాని, నీ ఇంట్లో నువ్వు హాయిగా కూర్చో. ప్రతిఫలంగా మాకూ మా మంత్రులకూ ఆ నాలుగు ముక్కలూ ఒకసారి నేర్పాలి. ఏమంటావు?"

బయ్యన 'రెండు నెలలు' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తల పైకీ కిందికీ ఊపాడు. చేతులు జోడించాడు. మాట మాత్రం రాలేదు.

రాజు ఒక ఊపిరి ఆగాడు. రెండు ఊపిరులు ఆగాడు. అప్పుడు సింహాసనం దిగి వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి పకపకా నవ్వాడు.

"నోరు తెరిచి చెప్పవయ్యా మహానుభావా! నీ శిష్యుడు గంటం పట్టుకుని చూస్తున్నాడు!"

"సరే, ప్రభూ," అన్నాడు బయ్యన. "సరే! సరే! సరే!"