పెట్టెలో దాచిన రిపోర్టు

హైదరాబాదు కృష్ణానగర్‌లో, ఏ కష్టం వచ్చినా ఇంట్లో నోరు విప్పని పరంధామయ్య అనే టీవీ నటుడు ఉండేవాడు.

ఒక నేర పరిశోధన సీరియల్లో ఆయనది ఇన్‌స్పెక్టర్ వేషం. అందులో ఆయన భార్యగా నటించే బెంగళూరు అమ్మాయికి తెలుగు రాదు. ఆమెకు గొంతు ఇచ్చేది పరంధామయ్య సొంత భార్య హైమవతి. పెదవులు ఒకరివి, మాట మరొకరిది. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాటలోనూ అంతే, బొమ్మ గెంతితే తెర వెనక ఎవరి కాలి గజ్జెలో మోగేవి. సరే, కథలోకి వద్దాం.

సీరియల్లో ఇన్‌స్పెక్టర్‌కు క్యాన్సర్ వస్తుంది. భార్యకు చెప్పడు, అయినదానికీ కానిదానికీ కసురుతాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పరంధామయ్యకు నిజంగా పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది.

"మొదట్లోనే దొరికింది. నెలలోగా ఆపరేషన్ చేయించుకోండి" అన్నాడు డాక్టరు.

పరంధామయ్య తలూపి వచ్చేశాడు. ఇంట్లో చెప్పలేదు. అన్నం సగంలో లేచిపోయేవాడు.

"ఏమైందండీ?" అని హైమవతి అడిగితే, "ఇంట్లో ఇన్‌స్పెక్టర్ నేనా, నువ్వా?" అని విసుక్కునేవాడు. తనంటే మొహం మొత్తిందేమోనని ఆమె లోలోపల కుమిలిపోయేది.

ఇంట్లో ప్రతి అలమరా హైమవతి సర్దేదే. అందుకని ఆయన రిపోర్టును షూటింగ్ సామాన్ల పెట్టెలో, ఉత్తుత్తి ఆస్పత్రి కాగితాల మధ్య దాచాడు. అలాంటి తెలివి నటులకే పుడుతుంది!

మరో వారానికి, సీరియల్లో భార్య రిపోర్టు కనిపెట్టే ఘట్టం తీశారు. సామాన్లు చూసే సైదులు చేతికందిన కాగితం ఇచ్చాడు. బెంగళూరు అమ్మాయి దాన్ని చూసి చక్కగా ఏడ్చింది. కెమెరా కాగితాన్ని దగ్గరగా పట్టుకుంది. అందులో ఏముందో ఎవరూ చదవలేదు.

డబ్బింగ్ గదిలో దంపతులిద్దరూ మైకు ముందు నిలబడ్డారు. తెర నిండా కాగితం కనిపించింది. హైమవతి చదివింది. రోగి పేరు వేమూరి పరంధామయ్య. వయసు యాభై రెండు. ఇంటి నంబరు తమదే. తేదీ మూడు వారాల కిందటిది.

రాసిచ్చిన మాట "దేవుడా, ఎంత పని చేశావు!" అని. హైమవతి దేవుణ్ణి పిలవలేదు. భర్త వైపు తిరిగింది.

"ఎంత పని చేశారండీ! దొంగల చేత నిజం కక్కిస్తారే, నాకు ఒక్క నిజం చెప్పడానికి నోరు రాలేదా?"

"డైలాగు బాగుంది గానీ మేడమ్, పెదవులకు అతకలేదు" అన్నాడు అద్దం అవతల సౌండు ఇంజనీరు, పాపం ఏమీ తెలియక.

పరంధామయ్య చేతిలోని డైలాగు కాగితంలో "నాకేం కాలేదు" అని ఉంది. ఆయన దాన్ని మడిచి పక్కన పెట్టేశాడు.

"భయమేసింది హైమా" అన్నాడు.

"భయపడటానికైనా తోడు ఉండాలి కదండీ. ముందు ఆస్పత్రికి పదండి" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

గడువు ఇంకా మూడు రోజులు ఉండగానే ఆపరేషన్ జరిగింది. ఇది జరిగి ఆరేళ్ళయింది. పరంధామయ్య ఇప్పుడు సుబ్బరంగా రెండో వడ్డన కూడా అడుగుతున్నాడు. సైదులు ఎదురైతే చాలు, దండం పెడతాడు.

"తప్పు కాగితం ఇచ్చినందుకు తిట్టాల్సింది పోయి దండమేంది సార్?" అంటాడు సైదులు.

"నువ్వు ఇచ్చిందే సరైన కాగితం నాయనా. నేనే తప్పు చోట పెట్టాను" అంటాడు పరంధామయ్య.

దాచిన జబ్బు ఒంటితో పాటు ఇంటినీ తింటుంది. అయినవాళ్ళకు చెప్పుకుంటే వైద్యం ఆ క్షణమే మొదలవుతుంది.