టింగ్‌మంటేనే నీళ్లు

ఎండలు ముదిరి వాగు ఎండిపోతే జీవాలకి చెలమే దిక్కు. ఎర్రగుట్ట అడవిలో ఏటా ఆ పని ఏనుగు పెద్దమ్మది. వాగు మధ్యన కాలితో ఇసుక తోడి, నీరు ఊరేదాకా గుంట చేసేది. డెక్కలున్న దుప్పులూ, ఎద్దులూ, అడవిపందులూ గుంట చుట్టూ తొక్కి గట్టు జారిపోకుండా గట్టిపరిచేవి. ఎవరైనా ఒడ్డున నిలబడి "దాహం" అంటే చాలు, ముందున్నవాళ్లు పక్కకి జరిగేవారు. పిల్లతల్లులకీ ముసలివాళ్లకీ మొదటి వంతు. ఈ కట్టుబాటు ఎవరూ పెట్టింది కాదు, ఎవరూ తప్పిందీ లేదు.

ఆ వేసవిలో నక్క ఒక సెల్లు పట్టుకొచ్చింది. గుట్ట ఎక్కడానికి వచ్చిన పట్నం వాళ్లెవరో జారవిడుచుకున్నారు. ఎండలో పెడితే దానంతటదే బలం పుంజుకునే రకం. అద్దం మీద పాదం ఆనిస్తే "టింగ్" మంటుంది.

"పెద్దమ్మా, ఈ అరుపులేంటి, ఈ తోపులాటలేంటి? లోకం ఎంత ముందుకు పోయిందో చూడు! ఇకమీద దీన్ని టింగ్‌మనిపించిన వాళ్లే గుంటలో దిగాలి. నోటిమాట చెల్లదు. అప్పుడు అంతా ఎంత పద్ధతిగా నడుస్తుందో నువ్వే చూస్తావు," అంది నక్క.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పెద్దమ్మకి ఆ మెరిసే వస్తువు ముచ్చటేసింది. సరేనని, సెల్లుకి కోతిని కాపలా పెట్టి, గుట్ట మీద చెట్టు నీడకి వెళ్లిపోయింది.

ఎలుగుబంటి పాదం ఆనించింది. టింగ్. ముంగిస ఆనించింది. టింగ్. భేషుగ్గా ఉందన్నారందరూ.

తర్వాత చుక్కమ్మ అనే దుప్పి వచ్చింది. వెనకాలే ఆమె పిల్ల, ఇంకా కాళ్లు నిలదొక్కుకోనిది. చుక్కమ్మ డెక్క ఆనించింది. చప్పుడు లేదు. మళ్లీ ఆనించింది. చప్పుడు లేదు.

"సరిగ్గా నొక్కమ్మా," అంది కోతి.

"నొక్కుతూనే ఉన్నాను కదా బావా."

"అయితే నీకు రాదు. పక్కకి జరుగు, వెనకాల జనం ఉన్నారు."

డెక్క కొమ్ములాంటిది. అది తాకినా ఆ అద్దానికి తెలియదు, మెత్తటి పాదాలకే పలుకుతుంది. ఆ సంగతి నక్కకి ముందే తెలుసు. చుక్కమ్మకి తెలియదు. లోపం తనదేననుకుని అందరి ముందూ సిగ్గుపడిపోయింది. తక్కినవన్నీ ఒక ఎత్తు, ఆ సిగ్గొక్కటీ ఒక ఎత్తు, తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఎవరో ముక్కు ఆనించమన్నారు. తడి ముక్కయితే పలికేదే. దప్పికతో ఎండిన ముక్కు మరి, పలకలేదు.

"దాహం బావా. నా కోసం కాదు, దీనికి పాలివ్వాలి," అని పిల్లని చూపించింది.

"నన్నేం చెయ్యమంటావ్? నోటిమాట చెల్లదన్నారు," అంది కోతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

నక్క మెల్లగా పక్కకి చేరింది. "బాధపడకు చెల్లెమ్మా. నీ బదులు నేను నొక్కుతాగా. ముందు నేను దిగి గొంతు తడుపుకుంటా, మిగిలింది నీకే."

మిగిలింది బురద. మర్నాడూ అంతే. డెక్కలున్నవాళ్లందరికీ నక్కే దిక్కయింది. వాళ్ల వంతులన్నీ నక్క పొట్టలోకే పోయాయి. చుక్కమ్మ పొదుగు ఎండిపోయింది. ఒక మధ్యాహ్నం పిల్ల తల్లి కింద దూరి, కుడిచి కుడిచి, అలాగే పక్కకి ఒరిగింది. మళ్లీ లేవలేదు.

పోలయ్య అని ఒక ముసలి ఎద్దు. బండి లాగే సత్తువ పోయాక యజమాని అడవి అంచున వదిలేసి పోయాడు. ఆ పోలయ్య ఈడ్చుకుంటూ గుట్ట ఎక్కాడు.

"పెద్దమ్మా, నీళ్లు లేక చుక్కమ్మ పిల్ల పోయింది."

పెద్దమ్మ ఉలిక్కిపడింది. "నీళ్లు లేకపోవడమేంటి? పొద్దుగూకేదాకా టింగు టింగుమని వింటూనే ఉన్నానే! అందరూ తాగుతున్నారనే అనుకున్నా."

"తాగేవాళ్ల చప్పుడే నీకు వినిపిస్తోంది తల్లీ. తాగనివాళ్లకి చప్పుడెక్కడిది? నోటిమాట చెల్లదన్నారు, నోళ్లు మూసుకున్నారు. నువ్వెప్పుడైనా దాన్ని ముట్టుకున్నావా?"

"నాకెందుకు, నక్క చూసుకుంటోందిగా..."

పెద్దమ్మ తల దించుకుంది. పోలయ్య వెనకాలే గుట్ట దిగింది.

వాళ్లు ఒడ్డుకి వచ్చేసరికి నక్క గుంట అడుగున ఉంది. ఎంత తాగినా ఆశ తీరక ఇంకా లోతుకి గీరుతోంది. డెక్కలున్నవాళ్లని వెనక్కి నెట్టేశాక గట్టు తొక్కేవాళ్లు లేరు. ఇసుక పొడిబారి వదులైపోయింది. నక్క మరో గీరు గీరిందో లేదో, గట్టు మొత్తం జారి మీద పడింది. మెడ దాకా కూరుకుపోయింది.

"బాబోయ్! తియ్యండ్రా!"

కోతి సెల్లు పట్టుకుని తొంగి చూసింది. "టింగ్ ఏదీ?"

"కాళ్లు ఇసుకలో ఉన్నాయిరా! ఎలా నొక్కను?"

"అయితే నన్నేం చెయ్యమంటావ్? నోటిమాట చెల్లదు. నువ్వు చెప్పిందేగా?"

కోతి వేళాకోళం చెయ్యడం లేదు. దానికి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఒడ్డున ఎవరూ కదల్లేదు. ఇసుక ఇంకా జారుతోంది. నక్క కళ్లు చుక్కమ్మ మీద పడ్డాయి.

"చెల్లెమ్మా..."

చుక్కమ్మ రెండడుగులు ముందుకి వేసింది. "నా పిల్ల, అడగడం కూడా రాకముందే పోయింది. నువ్వు అడిగావు, నాకు వినిపించింది. నాకు ఆ మాట చాలు. పెద్దమ్మా, దాన్ని పైకి తియ్యి."

పెద్దమ్మ తొండంతో మెడ పట్టి లాగి ఒడ్డున పడేసింది. తర్వాత అందరి వైపూ తిరిగి, "నొక్కగలిగిన వాళ్లు నొక్కండి. నొక్కలేని వాళ్లు నోటితో చెప్పండి. నోరు లేవని వాళ్ల దగ్గరికి నేనే వస్తాను. ఈ నక్క మాత్రం అందరూ తాగాక, అందరి ముందూ అడిగి తాగాలి," అంది.

ఆ సాయంత్రమే పెద్దమ్మ కొత్త చెలమ తోడింది. డెక్కలన్నీ కలిసి గట్టు తొక్కాయి. మొదటి వంతు చుక్కమ్మకిచ్చారు. ఆమె కడుపునిండా తాగింది. చీకటి పడేసరికి పొదుగులోకి పాలు దిగాయి. తాగడానికి పిల్ల లేదు.

వరసలో చివర నిలబడి నక్క అదంతా చూసింది. తన వంతు వచ్చింది. నాలుక పిడచకట్టుకుపోతున్నా, అడగడానికి దానికి నోరు రాలేదు.

నీతి: అందరికీ అందని సదుపాయం, అందనివాడి పాలిట గోడే.