జున్ను దర్గా

నల్లమల అంచున ఉన్న ఎర్రదిన్నె దర్గాలో అడుగుపెట్టగానే సాంబ్రాణి కంటే ముందు ఏలకుల వాసన తగులుతుంది. ఈ చుట్టుపక్కల ఏ మతంవారి ఇంట ఆవు ఈనినా తొలిపాల జున్ను ఇక్కడికి రావలసిందే. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ తొట్టిలో మొదట పశువులు తాగుతాయి, తర్వాతే మనుషుల వంతు. ఇదేం విడ్డూరమని ముక్కున వేలేసుకునే భక్తులకు పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ మట్టిగోడల మసీదు మాత్రమే ఉండేది. దాని ఖాజీ జైనుల్లా సాహెబు. ఆయనకు చదువు కొండంత, ధైర్యం ఆవగింజంత. తప్పు ఫత్వా ఇస్తే రేపు దేవుని ముందు తానే జవాబు చెప్పుకోవాలని హడలిపోయేవాడు. ఎవరే ధర్మసందేహం అడిగినా "పెద్దలను అడిగి చెబుతాను" అనేవాడు. ఆ పెద్దలేమో ఎక్కడో కర్నూలులో ఉండేవారు. జవాబు వచ్చేసరికి అడిగినవాడు ప్రశ్నే మరిచిపోయేవాడు, పాపం!

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. బావులన్నీ ఎండిపోయి, శుక్రవారం నమాజు వజూకని మసీదులో ఒక్క కాగు నీళ్లు మిగిలాయి. జనం చేరుతుండగా గొల్ల ఓబులమ్మ రొప్పుతూ వచ్చింది.

"సాయబూ, పొద్దున ఈనిన ఆవును, దూడను నీళ్లకని తోలుకొస్తే ఆవు నీ వాకిట్లోనే కూలబడింది. నాకుండేది అదొక్కటే. రోన్ని నీళ్లు పోయించు, నీకు పుణ్యముంటాది!"

మసీదు పెద్ద పీరాన్ సాహెబు కాగుకు అడ్డం నిలబడ్డాడు. "తోబా తోబా! నమాజు నీళ్లు గొడ్డుకా? వజూ లేకుంటే ఊరందరి నమాజూ గంగలో కలిసినట్టే!"

అందరూ ఖాజీ వైపు తిరిగారు. ఆయనకు "పెద్దలను..." అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. భయంతో కళ్లు మూసుకోగానే, ఎన్నడో గతించిన గురువు బెత్తం ఆడిస్తూ కనిపించాడట.

"నీళ్లు లేకుంటే వజూ ఎలా?"

"శుభ్రమైన మట్టి తాకి ముఖానికీ చేతులకూ రాసుకోవాలి, హజ్రత్."

"నీళ్లుండీ, పక్కన ఒక ప్రాణి దాహంతో పోతుంటే?"

"నీళ్లు ప్రాణికి! మట్టి మనకు!"

ఆ జవాబు ఖాజీ బయటికే కేకపెట్టాడు. కళ్లు తెరిచేసరికి జనం నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. "ఇది నా ఫత్వా. దేవుని ముందు జవాబు నేనే చెప్పుకుంటాను" అంటూ కాగు తానే ఎత్తుకుపోయి ఆవు ముందు దించాడు.

ఆవు కాగు అడుగు దాకా తాగి, తూలుతూ లేచి, దూడను నాకింది. ఓబులమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ రోజు ఊరు ఊరంతా ఎర్రమట్టి ముఖాలతో నమాజు చేసింది. గొణుక్కుంటూనే పీరాన్ సాహెబూ రాసుకున్నాడు. నమాజు కాగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు.

మర్నాడు ఓబులమ్మ గిన్నెడు జున్ను తెచ్చి మసీదులో అందరికీ పంచింది. పీరాన్ సాహెబు తన వంతు ఊడ్చేసి, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "ఖాజీ సాబ్, రెండోసారి అడిగితే పాపమా?"

"పెద్దలను అడిగి చెబుతాను" అన్నాడు ఖాజీ, నవ్వు ఆపుకుంటూ.

ఆ ఖాజీ సమాధే నేటి దర్గా. ఏది తప్పో ఏది ఒప్పో తేలక సతమతమయ్యేవారు ఇక్కడి ఎర్రమట్టి నుదుట రాసుకుంటే మనసు కుదుటపడుతుందని, తీర్పులో పాడి తప్పదని నమ్మకం. ఉరుసునాడు జున్ను కోసం రెండోసారి చేయి చాపిన వారికి, వడ్డించేవారు ఈనాటికీ "పెద్దలను అడిగి చెబుతాం" అంటూనే దోసిలి నింపుతారు.