పెరటమ్మ తల్లి పలచన సేవ

నల్లగుట్టపల్లె దగ్గర బస్సు దిగి, శనగచేల నడుమ బండిబాట పట్టి పావుగంట నడిస్తే పెరటమ్మ తల్లి గుడి వస్తుంది. దూరం నుంచి చూసినవారు దాన్ని గుడి అనుకోరు, ఎవరింటి పెరడో అనుకుంటారు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నడుమెత్తు రాతిగోడ, దానికొక వెదురు తడిక, అంతే. గర్భగుడికి పైకప్పు కూడా వేయలేదు. వేయకూడదు కూడా. ఎందుకంటే లోపల విగ్రహం లేదు. నాలుగు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు గల కూరాకు మడి ఒకటి ఉంది. ఆ మడియే అమ్మవారు. ఎండా వానా నేరుగా ఆమె మీదనే పడాలి. ఇక్కడికి వచ్చి గోళ్ళలోకి ఇంత మట్టి పోకుండా తిరిగి వెళ్ళినవారికి దర్శనం కానట్టేనని ఊళ్ళో అంటారు.

పూర్వం ఇక్కడ కూరాకు పండించే అలవాటే లేదు. జొన్న సంగటి, కారం, దొరికితే ఇంత మజ్జిగ, అదే భోజనం. ఆ రోజుల్లో ఓబులమ్మ అనే ఆమె, ఆమె తమ్ముడు మద్దిలేటి ఈ ఊళ్ళో ఉండేవారు. వాళ్ళ తల్లికి ఆరుగురు పుడితే, ఒక కరువు ఏడాది నలుగురు పిల్లలను తీసుకుపోయింది. ఆ వెనకే తల్లీ పోయింది. మిగిలిన తమ్ముణ్ణి ఓబులమ్మ చంకన వేసుకొని పెంచింది. పెళ్ళి మాట ఎత్తినవారికి, "నాకు ఈడొగడు సాలడా? ఇంగొగన్ని యాడ సాకేది!" అని నవ్వి చెప్పేది.

మద్దిలేటి ఊరి మంద కాసేవాడు. ఇరవై ఏళ్ళు నిండేసరికి వాడికి రేచీకటి వచ్చింది. పొద్దు వాలితే చాలు, చేతికర్ర కూడా కనిపించదు. ఈ సంగతి అక్కాతమ్ముళ్ళు ఊరికి తెలియనివ్వలేదు. మంద తిరిగొచ్చే వేళకు ఓబులమ్మ ఊరి చివర నిలబడి పాట ఎత్తుకునేది. ఆమె గొంతు ఏమంత ఇంపైనది కాదు. అయినా ఆ గొంతు పట్టుకొని తమ్ముడు ఇల్లు చేరేవాడు.

ఒకనాడు రెండు గొర్రెలు వాగులో పడి చనిపోవడంతో గుట్టు బయటపడింది. మంద ఆసాములు మంచివారే గాని, భయపడ్డారు. "ఏరువాక పున్నమికి మందను కొండకు తోలాల. రాత్రిపూట తోడేళ్ళు తిరిగే చోటు. పొద్దుగూకితే కండ్లు కనపడనోని చేతికి మందెట్ల ఇస్తామప్పా? అప్పటికి బాగైతే సరి, లేకుంటే ఇంగొగన్ని సూసుకుంటాము" అన్నారు. పున్నమికి నలభై రోజులుంది. మంద పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అంతకంటే, మంద తప్ప మద్దిలేటికి వేరే లోకం లేదు.

అటుగా వచ్చిన మందుల పెద్దాయన వాడి కనురెప్పలు ఎత్తి చూసి, "ఈ కంటికి పచ్చాకు కావాల. దినామూ తినాల" అని చెప్పి పోయాడు. ఓబులమ్మ ఆరు కోసులు నడిచి, ఏటిగడ్డ తోటలవారి దగ్గర పిడికెడు తోటకూర విత్తనం తెచ్చింది. ఇచ్చినామె రెండు మాటలు చెప్పింది. గింజను ఇసుకలో కలిపి చల్లమంది. మొలిచాక ఒత్తుగా ఉంటే పలచన చేయమంది.

ఓబులమ్మ ఆ రెండూ చేయలేదు. ఒక్క గింజ తగ్గినా తమ్ముడికి ఒక ముద్ద తగ్గుతుందేమోనని తెచ్చినదంతా ఇంటి వెనుక మడిలో చల్లేసింది. అంట్లు కడిగిన నీళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళు, అన్నీ అక్కడికే చేర్చింది. నాలుగో రోజుకు మడి ఎర్రగా మొలిచింది. నేల కనబడనంత మొలిచింది. ఆమె సంతోషం ఇంతా అంతా కాదు.

పక్కింటి సవారమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. "మే ఓబులీ, మడిలో సల్లినావా, కోళ్ళకు ఏసినావా? పలచన సెయ్యే!"

"మొలిచినదాన్ని ఎట్ల పీకేదే?"

"సేత్తో పీకాల. నీకు సేతకాకుంటే నా మేకను తోలుతా."

"నీ మేక ఈ పక్కకొస్తే దాని కాళ్ళుండవు!"

ఇరవై రోజులు గడిచాయి. మొక్కలు దారాల్లా సన్నగా సాగి, ఒకదాని మీద ఒకటి వాలి, పసుపుపచ్చకు తిరిగాయి. ఇంకా ఎదగనీ, ఎదిగాక కోస్తానని ఓబులమ్మ ఒక్క ఆకు కూడా తుంచలేదు. తమ్ముడు సంగటి, కారం తింటూనే ఉన్నాడు. సాయంకాలాలు ఆమె పాడుతూనే ఉంది.

ఒక మిట్టమధ్యాహ్నం మడి పక్కనే కూలబడిన ఓబులమ్మకు కునుకు పట్టింది. ఆ కునుకులో, నల్లగా చిన్నగా ఉన్న ఒక ముసలమ్మ మడిలో గొంతుకూర్చొని, మొక్కలు పీకి, వేర్ల మట్టి దులిపి పచ్చివే నములుతూ కనిపించింది.

"ఎవురమ్మా నువ్వు! నా మడిలో సెయ్యి పెట్నావు?"

"ఆకలైతాంది. తింటాండా" అన్నదా ముసలమ్మ, నమలడం ఆపకుండా. "ఇంత కూర పెట్టుకోని తమ్మునికి కారమెందుకు పెడతాండావే?"

"ఇంగా పెద్దగ కాలేదు కదమ్మా."

"ఎట్లైతాయి? నిలబడను సందేదీ?"

అప్పుడు ఓబులమ్మ ఎవరితోనూ అననిది అన్నది. "ఆరుమందిమి పుట్నాము. ఇద్దరిమే మిగిల్నాము. ఎక్కువైనారని పీకే సెయ్యి నాకు లేదు తల్లీ."

ముసలమ్మ నమలడం ఆపింది. "వాళ్ళను ఎవురూ పీకలేదు బిడ్డా. వాళ్ళకు కూడు సాల్లేదు. ఈ పొద్దు ఈ మడికి కూడు సాలకుండ సేస్తాండేది మాత్రం నువ్వే" అన్నది. మెల్లగా మళ్ళీ చెప్పింది. "పీకి పారేస్తే నాకు కోపమొస్తాది. పీకి తింటే నాకు పెట్నట్టే. లేతది, పచ్చిదే పెట్టు. తినంగ మిగిలినేటివి ఇంగోళ్ళ పెరట్లో నాటు. నేను ఆడ గూడా ఉంటా."

ఓబులమ్మ ఉలిక్కిపడి లేచింది. మడి నడుమ బెత్తెడు మేర పలచనై ఉంది. తడిమట్టిలో చిన్న పాదాల గుర్తులు రెండున్నాయి.

ఆమె ఏడుస్తూనే పీకింది. ఒక్కో మొక్కను తల్లి దగ్గర పిల్లను తీసుకున్నట్టు తీసింది. లేతాకును కడిగి, నానిన పెసరపప్పులో కలిపి, ఇంత ఉప్పు రాల్చి తమ్ముడి ముందు పెట్టింది. "ఇదేందక్కా, నన్ను గూడా మందలో కలిపినావా?" అని వాడు నవ్వుతూనే గిన్నె ఖాళీ చేశాడు. ఆనాటి నుంచి రోజూ పలచన, రోజూ పచ్చికూర. మిగిలిన నారును సవారమ్మ పెరట్లో, ఆ వరసలో పది ఇళ్ళ పెరళ్ళలో నాటింది. మడిలో సందు దొరికిన మొక్కలు వారం తిరిగేసరికి అరచేయంత ఆకులు వేశాయి.

పున్నమికి మూడు రోజుల ముందు, చీకటి పడుతున్న వేళ, ఓబులమ్మ ఎప్పటిలాగే పాట ఎత్తుకుంది. మంద ముందు నడుస్తున్న మద్దిలేటి ఉన్నట్టుండి నిలబడిపోయాడు.

"అక్కా, ఇంగ సాలు పాడింది, గొర్రెలు బెదురుతాండాయి! కనపడతాండావులే." దగ్గరికి వచ్చి ఆమె ముఖంలోకి చూశాడు. "ఏమక్కా, నీ తల ఇంత నెరిసిందే! ఎప్పుడు?"

"నిన్ను సాకినప్పుడు రా" అని ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

ఏరువాక పున్నమి నాడు మంద కొండకు పోయింది, తోలుకుపోయింది మద్దిలేటే. పాదాలు కనిపించిన మడి చుట్టూ ఊరివారు గోడ కట్టి పెరటమ్మ తల్లిగా కొలుచుకున్నారు.

నేటికీ మద్దిలేటి వంశపు ఆడపడుచులే ఇక్కడ పూజ చేస్తారు. ప్రతి శుక్రవారం పలచన సేవ జరుగుతుంది. భక్తులు వరుసగా కూర్చొని, ఒత్తుగా ఉన్నచోట తలా ఒక మొక్క పీకి, కడిగి, అక్కడే నోట్లో వేసుకోవాలి. మరొకటి తడిగుడ్డలో చుట్టుకొని తీసుకువెళ్ళి, తమ పెరట్లో కాదు, పక్కింటివారి పెరట్లో నాటాలి. మొదటిసారి చాలామందికి చెయ్యి రాదు. పూజారమ్మ తొందర పెట్టదు. కంటి జబ్బుతో వచ్చినవారిని మాత్రం, "అమ్మకు మొక్కుకోండి, ఆస్పత్రికీ పోండి" అని పంపుతుంది. ఈ సేవ చేసినవారి ఇంట పచ్చాకుకు కొదువ ఉండదని, ఇరుగుపొరుగు తగువులు నిలవవని, పెంచిన చేతులు చల్లగా ఉంటాయని పెద్దల మాట.

మడికి ఈశాన్య మూల జానెడు చోటు ఉంది. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరాదు. ఓబులమ్మ మడి అంతా పలచన చేసి, ఆ మూలకు వచ్చి ఆగిపోయిందట. సవారమ్మ అడిగితే, "ఆ నలుగురిని ఉండనీలే" అన్నదట. అమ్మవారు కోపగించలేదు. ఈనాటికీ ఆ మూల మొక్కలు సన్నగా, ఒకదాన్నొకటి ఆనుకొని, పచ్చగా కాకుండా పసుపుగానే ఉంటాయి. పొద్దున తడిక తీయగానే పూజారమ్మ మొదటి చెంబు నీళ్ళు వాటికే పోస్తుంది.