బుర్ర వాళ్ళ మాగ చేప పులుసు

మా వైపు బుర్ర వాళ్ళని ఒక కుటుంబం ఉంది. ఇంటిపేరే బుర్ర. "ఊళ్ళో అందరికీ బుర్ర తల్లో ఉంటుంది, మాకు పేరులోనే ఉంది" అని పెద్దాడు పైడయ్య మీసం దువ్వేవాడు. "అవునన్నయ్యా, ఇంక తల్లో లేకపోయినా పర్లేదు" అని తమ్ముడు రావులు వంత పాడేవాడు.

అంత బుర్రున్న పైడయ్యకీ కష్టమొచ్చింది. పెళ్ళాం నూకాలు అలిగి పుట్టింటికెళ్ళిపోయింది. ఎందుకంటారా? "నేను సంతకెళ్ళొస్తా, ఇల్లు చూసుకుంటూ ఉండు మావా" అంది. పైడయ్య ఎదురరుగు మీద కూచుని రెప్ప వెయ్యకుండా ఇంటినే చూశాడు. మేకలు లోపలికెళ్ళడం చూశాడు, బియ్యం బస్తా ఖాళీ చేసి తేన్చుకుంటూ రావడం చూశాడు. ఇంకేముంది, నూకాలు మూట సర్దేసింది.

ఆమె లేక పైడయ్యకి ముద్ద దిగట్లేదు. ఇంతలో కబురొచ్చింది. "ఆదివారం వస్తున్నా. మాగ చేప పులుసు నోట పెట్టుకునేలా వండితే ఉంటా. లేదంటే వచ్చిన ఆటోలోనే వెనక్కి పోతా."

మాగంటే టౌనోళ్ళు సాల్మన్ అంటారు చూడండి, అదే. ఆదివారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ రేవుకి ఉరికారు. చేపలమ్మే గౌరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మాగ కొనేటప్పుడు ముందు కళ్ళల్లోకి చూడాలి నాయనా. తేటగా మెరవాలి. మొప్పలెత్తితే ఎర్రగా ఉండాలి. నీచు కొట్టకూడదు."

పైడయ్య ఓ చేప ముందు గొంతుక్కూచుని కళ్ళల్లోకి చూశాడు. చేప కూడా చూసింది. ఎండ నడినెత్తి మీదకొచ్చింది.

"ఏం నాయనా, నచ్చలేదా?" అంది గౌరమ్మ.

"నాకు నచ్చింది. అదే ఇంకా ఏ సంగతీ చెప్పట్లేదు."

"అన్నయ్యా, అది రెప్పే వెయ్యట్లేదు!" అన్నాడు రావులు.

"అచ్చం నేను ఇల్లు చూసినట్టే చూస్తోంది! ఇదే మన చేప" అని పైడయ్య కొనేశాడు.

గౌరమ్మ ముక్కలు కొట్టిస్తూ వంట కూడా చెప్పింది. "ఉప్పూ కారం పట్టించి కాసేపు పక్కన పెట్టు. ఉల్లిపాయ వేగాక చింతపండు పులుసు పొయ్యి, మరిగాక ముక్కలెయ్యి. మంట మీద ఓ కన్నేసి ఉంచు. దించే ముందు ఉప్పు చూడు. గరిటె మాత్రం పెట్టకు, ముక్క చితికిపోద్ది. దాక పట్టుకుని ఓసారి తిప్పు, చాలు."

ఇంటికొచ్చి ముక్కలకి ఉప్పూ కారం పట్టించారు.

"పక్కన పెట్టమంది. ఎవరి పక్కన?" అన్నాడు పైడయ్య.

"వండేవాడి పక్కన!"

అంతే, పైడయ్య చాప పరిచి పడుకున్నాడు. పక్కన ముక్కలు పెట్టుకున్నాడు. ఒక కునుకు తీసి లేచేసరికి ఆ పక్కన పిల్లి కూడా పడుకునుంది, బొజ్జ డోలులా చేసుకుని. తలకాయా నాలుగు ముక్కలూ మిగిలాయి.

"పక్కన చోటుంటే ఎవరైనా పడుకుంటారులే" అన్నాడు రావులు.

పులుసు మరిగింది. ముక్కలెయ్యబోతూ పైడయ్య ఆగిపోయాడు. "మంట మీద ఓ కన్నెయ్యమంది కదరా!"

ఒకడి కళ్ళల్లోకి ఒకడు చూసుకున్నారు.

"నువ్వు పెద్దాడివి, నీది వెయ్యి."

"నీకు పెళ్ళి కాలేదు, నీది వెయ్యి."

చివరికి చేప తలకాయ గుర్తొచ్చింది. దాని కన్నొకటి పీకి పొయ్యిలో వేశారు. టప్పుమంది! నిప్పురవ్వ ఎగిరి పైడయ్య మీసం ఓ పక్క మాడిపోయింది.

ముక్కలేసి, అవి ఉడికాక "ఉప్పు చూడరా" అన్నాడు మూతి తడుముకుంటూ.

రావులు డబ్బా మూత తీశాడు. "చూశాను. తెల్లగానే ఉంది."

"సరే. ఇక దాక పట్టుకుని తిప్పాలి. ఎక్కడెక్కడ తిప్పాలో చెప్పలేదే!"

"ఊరంతా తిప్పితే తప్పుండదు కదన్నయ్యా."

అంతే, దాక నెత్తికెత్తుకుని పైడయ్య, ముందు పళ్ళెం వాయిస్తూ రావులు. ఆ వాసనకి వీధి వీధీ బయటికొచ్చింది. "ఏదిరా, రుచి చూడనివ్వు" అన్నారు జనం.

"చూడండి గానీ గరిటె మాత్రం పెట్టకండి, మీకు దణ్ణం పెడతా!" అన్నాడు పైడయ్య.

ఎవరూ గరిటె పెట్టలేదు. అందరూ చేతులే పెట్టారు.

ఇల్లు చేరేసరికి దాకలో ఒకే ఒక్క ముక్క. గుమ్మంలో నూకాలు, వెనక గుర్రుమంటూ ఆటో. ఆమె మొగుడి అర మీసం చూసింది, దాకలోకి చూసింది, ముక్క తుంచి నోట్లో వేసుకుంది. వెన్నలా కరిగిపోయింది. మరి చేప మంచిదాయె! నవ్వాగలేదు. ఆటోని పంపించేసింది.

"చేపని ఎంచడం వచ్చింది మావా, అది చాలు. రేపట్నుంచి నేనే వండుతా. నువ్వు మాత్రం నా వంటింట్లో అడుగు పెట్టకు. పెట్టావో, ఆటో పిలుస్తా!"

"పెడితే ఒట్టు!" అన్నాడు పైడయ్య.

మర్నాడు నూకాలు పెద్ద దాకనిండా మాగ పులుసు వండి, చల్లారాలని నేల మీద దించి పెరట్లోకెళ్ళింది. "మావా, పళ్ళేలు పట్రా!" అని అక్కణ్ణుంచే కేకేసింది.

పళ్ళేలేమో వంటింట్లో ఉన్నాయి. పైడయ్య బుర్ర గోక్కున్నాడు. ఆటో గుర్తొచ్చింది. అంతే, తమ్ముడి భుజాలెక్కాడు. రావులు వంగి గుమ్మం దాటాడు, అటక దాకా మోశాడు. పైడయ్య పళ్ళెం అందుకున్నాడో లేదో, రావులు కాలు పిల్లి తోక మీద పడింది. పిల్లి గావుకేక పెట్టింది, రావులు గంతేశాడు. ఇంకేముంది, ధబ్!

నూకాలు పరిగెత్తుకొచ్చింది. పైడయ్య పులుసు దాకలో కూచునున్నాడు, నెత్తిన కరివేపాకు, ఒళ్ళో మాగ ముక్క. రెండు కాళ్ళూ మాత్రం ఆకాశానికెత్తి పట్టుకున్నాడు.

"ఆటో పిలవకే నూకాలూ! చూసుకో, అడుగు పెట్టలేదు. కూచున్నానంతే!"