తలుపు తోసిన మొహం

“నీ పేరు నీకే ఉంటుంది తల్లీ. పోస్టర్ మీద ఒక్క అక్షరం మారితే నా చొక్కా పట్టుకుని అడుగు.”

సినిమాకి సంతకం పెట్టించుకున్న రోజున నిర్మాత రాఘవయ్య దిల్‌షాద్‌తో అన్న మాట అది. మద్రాసు గోడలకు పోస్టర్లెక్కాయి. బొమ్మ ఆమెదే. కింద పేరు మాత్రం ‘కుమారి వసుంధర’.

ఆమె మేకప్ గదిలోకి విసురుగా వచ్చింది. లోపల ఖైరున్నీసా గాజులు వేసుకుంటోంది. టాకీలొచ్చిన కొత్తలో వాళ్ళ ముస్లిం ఇళ్ళ నుంచి కెమెరా ముందుకొచ్చిన మొదటి మనిషి. తెర మీద పేరు ‘శారదాంబ’. దిల్‌షాద్‌కి నటన నేర్పిన గురువు. దిల్‌షాద్ ఆమెను పిన్ని వరసలో ఖాలా అంటుంది.

“ఇది పేరు కాదు ఖాలా, సంకెల. చెమట మనది, పేరు వాళ్ళు పెట్టిందా? పోస్టర్లన్నీ చించి పారేస్తాను.”

“మద్రాసులో గోడలెక్కువ బేటీ. గోళ్ళరిగిపోతాయి.”

“ముప్ఫై ఏళ్ళు మీరెలా ఊరుకున్నారు?”

అనేశాక దిల్‌షాద్ నాలిక కరుచుకుంది. ఖైరున్నీసా చివరి గాజు ఎక్కించుకుని లేచింది. “పద, షాట్‌కి పిలుస్తున్నారు.”

సీనులో తల్లిగా ఖైరున్నీసా బయట నుంచి తలుపు తోసుకుని కూతురి దగ్గరికి రావాలి. బయటి షాట్ ఒక్క టేకులో అయిపోయింది. లైట్లు లోపలి సెట్లోకి మార్చారు.

“శారదాంబ గారూ, లోపలికి రండి,” అసిస్టెంటు పిలిచాడు.

ఖైరున్నీసా కుర్చీలో కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. మళ్ళీ పిలిచాడు. ఆమె ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

రాఘవయ్యే వచ్చాడు. “ఏవమ్మా, ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉంది. ఇందాక తలుపు తోసింది ఖైరున్నీసా. లోపలికి ఇంకెవర్నో పిలుస్తున్నారు కదా అని కూర్చున్నా.”

“ఇన్నేళ్ళ తర్వాత ఇదేం పేచీ? వేరే ఆవిడతో తీయిస్తాను.”

“తీయించండి బాబూ. తలుపు తోసింది ఒక మొహం, లోపలికొచ్చింది ఇంకో మొహం. నేల టికెట్టు వాళ్ళు ఈలలేస్తారు.”

రాఘవయ్య డైరెక్టరు వైపు చూశాడు. “సగం సినిమా ఈవిడతోనే తీసేశాం,” అన్నాడు డైరెక్టరు నేల చూపులు చూస్తూ.

“సరే, నీకేం కావాలి?”

“నాకా? నా ముప్ఫై ఏళ్ళూ అయిపోయాయి. అడగాల్సింది అదిగో, ఆ పిల్ల.”

సెట్లో అందరూ దిల్‌షాద్ వైపు తిరిగారు. పొద్దుట్నుంచి నోట్లో మెదులుతున్న నినాదాలన్నీ ఆమె పక్కన పెట్టింది. తల్లి తలుపు తోసినప్పుడు లోపల కూతురిగా తిరిగి చూడాల్సింది తనే. సగం తీసిన ఆ సీను తన చేతుల్లో కూడా ఉంది.

ఆమె లోపలి సెట్లోంచి నడిచి వచ్చి, ఖాలా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. గొంతు పెంచకుండా అంది:

“పోస్టర్ మీద నా పేరు. టైటిల్స్‌లో ఖాలా అసలు పేరు. డిసెంబరు పన్నెండు, శుక్రవారం పొద్దున్నకల్లా ఔనో కాదో చెప్పండి. అప్పటిదాకా ఈ సీను ఇద్దరమూ చెయ్యం.”