తలకిందుల క్లాప్

సాకేత్‌కి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. అతని సినిమాలో భ్రమరాంబగారి నోరు కదిలినప్పుడు మాట రాదు. మాట వచ్చినప్పుడు నోరు కదలదు.

బొమ్మా, మాటా అలిగి చెరో గదిలో కూచున్న ఆలుమగల్లా ఉన్నాయి. ఇవాళ బుధవారం. శనివారం సాయంత్రంలోగా వాటికి రాజీ కుదర్చకపోతే డిప్లొమా సినిమా లేదు. సినిమా లేకపోతే మూడేళ్ల చదువుకి సర్టిఫికెట్ లేదు.

హైదరాబాదులో ఆ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సాకేత్‌ని ఎరగనివాళ్లు లేరు. వాడు కారిడార్లో నడిచొస్తుంటే వెనకాల కెమెరా మోసే క్రేన్ కూడా వస్తోందేమోనని తిరిగి చూడాలనిపిస్తుంది. అలాంటివాడు నాలుగు రోజులుగా గడ్డం గీసుకోకుండా, గోడ పక్కనించి నడుస్తున్నాడు.

అసలు జరిగింది ఇది.

మొదటి ఏడాది మొదటి క్లాసులో, ఎడిటింగ్ చెప్పే పరాంకుశం మాస్టారు అందరి చేతా క్లాప్ బోర్డు పట్టించారు.

"కెమెరాకి చెవుల్లేవు. మైకుకి కళ్లు లేవు. ఈ చెక్కముక్కే వాటికి పెళ్లిళ్ల పేరయ్య. చెక్క మూసుకోవడం కెమెరా చూస్తుంది, చప్పుడు మైకు వింటుంది. ఆ రెండూ ఒకచోట పెడితే చాలు, మిగతా సంసారం అదే నడుస్తుంది."

"మరిచిపోతే మాస్టారూ?" అని ఎవరో అడిగారు.

"షాట్ అయ్యాక చివర కొట్టండి. కాకపోతే బోర్డు తలకిందులుగా పట్టుకోండి. ఎడిటర్‌కి తెలుస్తుంది, వీడు మరిచిపోయాడు, కానీ ఒప్పుకున్నాడు అని."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా సాకేత్ నవ్వాడు.

మూడో ఏడు డిప్లొమా సినిమాకి సాకేత్ తెనాలిలో భ్రమరాంబగారిని పట్టుకున్నాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి. నాటకాల కంపెనీల్లో ముప్ఫై ఏళ్లు ప్రాంప్టర్‌గా చేసింది. అంటే, తెర పక్కన చాటుగా నిలబడి, నటుడు మాట మరిచిపోతే అందించే మనిషన్నమాట. అన్నేళ్లలో ఆవిడ గొంతు నటులకి తప్ప ఎవరికీ వినబడలేదు, ఒక్క రాత్రి మినహా. ఆ రాత్రి కథ ఎవరడిగినా చెప్పదు. ఈ పిల్లలు రెండు రోజులు గుమ్మంలో కూచుంటే జాలిపడి సరేనంది.

కెమెరా పెట్టారు. సౌండు నఫీసాది. సాకేత్ క్లాసే. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుందంటే పక్కింట్లో కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో కూడా చెప్పగలదు.

"క్లాప్ కొట్టనా?" అంది నఫీసా.

"ఎందుకు? పెద్దావిడ ముఖం ముందు ఆ టపాకాయ పేలిస్తే జడుసుకుంటుంది. అయినా ఏ కాలంలో ఉన్నావు? కంప్యూటర్ తనే కలుపుతుంది."

భ్రమరాంబగారు తమలపాకుకి సున్నం రాస్తూ, "నేను జడుసుకోవడమేంటి నాయనా! ముప్ఫై ఏళ్లు తెర లేచే ముందు గంట కొట్టినదాన్ని. కొట్టుకోనీ ఆ పిల్లని," అంది.

సాకేత్ వినలేదు. "యాక్షన్!" అన్నాడు. ఆ మాట వాడికి చాలా ఇష్టం.

పద్నాలుగు నిమిషాలు ఆవిడ ఆపకుండా చెప్పింది. ఆ రాత్రి రాజు వేషగాడు పద్యం మధ్యలో మరిచిపోయాడట. అందించింది, అందుకోలేదు. మళ్లీ అందించింది, నీళ్లు నమిలాడు. జనం ఈలలు మొదలెట్టారు. ఇక లాభం లేదని తెర చాటునించే గొంతెత్తి ఆ పద్యం ఆవిడే పాడేసింది. రాజు పెదాలాడించాడు. జనం "వన్స్ మోర్" అన్నారు. మళ్లీ పాడింది. మళ్లీ వన్స్ మోర్. రాజు మూడుసార్లు ముందుకొచ్చి దండం పెట్టాడు. ఊరి పెద్దలు వెండి పతకం తెచ్చారు.

"పతకం ఎవరికిచ్చారు మామ్మగారూ?" అని అడిగి సాకేత్, జవాబు వచ్చేలోపు కాగితంలో తరవాతి ప్రశ్న వెతుక్కున్నాడు. ఆవిడ ఏమీ అన్నట్టు లేదు.

షాట్ అయింది. "చివరైనా కొట్టనా?" అంది నఫీసా.

"డైరెక్టర్ నువ్వా, నేనా?"

నఫీసా బోర్డు సంచీలో పెట్టేసింది.

హాస్టల్‌కొచ్చి కంప్యూటర్ ముందు కూచుంటే, అది కలపనంది. కంప్యూటర్ కలపాలంటే కెమెరాలో ఉండే బుల్లి మైకులో కూడా ఆ మాటలే ఎంతో కొంత పడి ఉండాలి. వాటితో పోల్చుకుని జత చేస్తుంది. కెమెరాలో ఏమీ పడలేదు. ఎందుకంటే ఆ ముందువారం ఒక షాట్ వేసి చూస్తుంటే బుల్లి మైకులోంచి సాకేత్ గొంతే, "నేను చెప్పింది చెయ్యండి చాలు, మీరు ఆలోచించకండి" అని, స్పష్టంగా వినబడింది. క్లాసంతా పడీపడీ నవ్వింది. సాకేత్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మైకుని మెనూలోకి వెళ్లి నొక్కేశాడు. నొక్కినవాడు మళ్లీ విప్పలేదు.

సరే, పెదాలు చూసి కలుపుదామని కూచున్నాడు. పెదాలు మూసుకుంటే "మ", తెరుచుకుంటే "అ". ఎంతసేపు పని? కానీ భ్రమరాంబగారి నోట్లో తాంబూలం ఉంది. ఆవిడ మాట్లాడినా నోరాడుతుంది, ఊరుకున్నా నోరాడుతుంది. రెండు రోజులు ఆ నోటివంక చూసి చూసి, మూడో రోజు సాకేత్ మెస్సులో అన్నం తింటూ తనకి తెలియకుండానే ఆకు నమిలినట్టు నమలడం మొదలెట్టాడు.

ఆ మెస్సులోనే, అందరి ముందూ, నఫీసా మీద అరిచాడు. "సౌండ్ నీది కదా! పట్టుబట్టి కొట్టించాల్సింది నువ్వు!"

నఫీసా కంచం తీసుకుని లేచిపోయింది. అప్పటినించి మాటల్లేవు.

ఇక చివరి ఆశ. తెనాలికి ఫోను చేశాడు.

"మామ్మగారూ, ఇంకొక్కసారి చెప్తారా? మళ్లీ వచ్చి తీసుకుంటాం."

"ప్రాంప్టర్ ఒక్కసారే అందిస్తుంది నాయనా. రెండోసారి అందిస్తే మొదటి వరసకి వినబడిపోతుంది," అని ఫోను పెట్టేసింది.

అలా బుధవారం పొద్దున్నే సాకేత్ పరాంకుశం మాస్టారి గది తలుపు తట్టాడు.

మాస్టారు రీళ్ల కాలం మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్ర మైనపు పెన్సిలు ఉంటుంది. ఒకప్పుడు దానితో ఫిల్మ్ మీద గుర్తులు పెట్టేవారు. ఇప్పుడు ఆ అలవాటు చావక కంప్యూటర్ తెర అద్దం మీదే పెడతారు. గదులు తుడిచే యాదమ్మ రోజూ ఆయన్ని నాలుగు తిట్టి అద్దం తుడుస్తుంది. ఆయన ఆ నాలుగూ విని, మళ్లీ గీస్తారు.

ఆయన అరటిపండు వలుచుకుంటూ మొత్తం విన్నారు. "క్లాప్ ఎందుకు కొట్టలేదురా" అని అడుగుతారేమోనని సాకేత్ మూడు జవాబులు తయారు చేసుకుని వచ్చాడు. ఆయన అడగలేదు. మూడు జవాబులూ వృథా.

"చూపించు," అన్నారు.

సాకేత్ పెట్టాడు. తెర నిండా భ్రమరాంబగారి ముఖం. పెదాలు నములుతున్నాయి. మాట ఇంకెక్కడినించో వస్తోంది.

"మనిషి మెడ దాకానే ఉందేంరా?"

"జూమ్ చేశాను మాస్టారూ. ఒళ్లో చేతులు ఊరికే కదుపుతూ కూచుంది. కంటికి అడ్డం. కోసేశాను."

"మాటలు మరీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయే?"

"అదీ నేనే. మధ్యమధ్యలో ఏదో టక్కుటక్కుమని చప్పుడు. శుభ్రం చేసేశాను. నఫీసా వద్దంది."

"ఎందుకొద్దంది?"

"ఏమో మాస్టారూ. అది కూడా మామ్మగారి మాటేనట."

మాస్టారు అరటిపండు నమలడం ఆపారు. ఒక క్షణం సాకేత్‌ని జాలిగా చూశారు. తరవాత కళ్లలో అల్లరి మెరిసింది.

"నీకు అడ్డమొచ్చినవి రెండూ మళ్లీ పెట్టు," అన్నారు.

సాకేత్‌కి అర్థం కాలేదు. అయినా జూమ్ తీసేశాడు. శుభ్రం చేసిన శబ్దం తీసి అసలుది పెట్టాడు.

తెర మీద మనిషి మొత్తం వచ్చింది. ఆవిడ ఒళ్లో ఇత్తడి తాంబూలం పెట్టె. మూత మీద తమలపాకులు. కుడిచేతిలో అడకత్తెర.

సాకేత్ నోరు తెరిచాడు. మాస్టారు చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నారు.

మాట కట్టేసి, బొమ్మ ఒక్కటే నడిపించారు. ఆవిడ చెప్తోంది, నవ్వుతోంది, చెయ్యి గాల్లో ఎత్తి జనాన్ని చూపిస్తోంది. ఒకచోట ఆగింది. నవ్వు పోయింది. నమలడం కూడా ఆగింది. తల వంచి పెట్టెలోంచి ఓ నిండు వక్క తీసి అడకత్తెరలో పెట్టింది. తల ఎత్తి నేరుగా కెమెరాలోకి చూసింది. అడకత్తెర మూసింది.

మాస్టారు అక్కడ ఆపి, ఆ చెయ్యి మీద, అద్దానికి, ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టారు.

"ఇప్పుడు కళ్లు మూసుకో," అన్నారు.

బొమ్మ కట్టేసి, మాట ఒక్కటే నడిపించారు. సాకేత్ కళ్లు మూసుకున్నాడు. ఈలలు, వన్స్ మోర్, వెండి పతకం. తన గొంతే తనకి వినబడింది. "పతకం ఎవరికిచ్చారు మామ్మగారూ?" తరవాత ఏమీ లేదు. ఎక్కడో పిచ్చుక. కాగితం గరగర, అది తనదే.

టక్!

"ఇదే," అన్నాడు సాకేత్.

"జరుపు మరి."

సాకేత్ జరిపాడు. రెండు సెకన్ల చిల్లర దూరం, అంతే. నాలుగు రోజుల ఏడుపంతా ఆ రెండు సెకన్లకే. చప్పుడు తెచ్చి ఎర్ర గుర్తు కింద పెట్టి, పదిసెకన్లు వెనక్కి వెళ్లి నడిపించాడు.

"పతకం ఎవరికిచ్చారు మామ్మగారూ?"

ఆవిడ వక్క తీసింది. చూసింది. టక్!

వక్క రెండు ముక్కలైంది.

ఆ తరవాత ఆవిడ నోరు కదిలింది, అందులోంచే మాట వచ్చింది. మొదటికి వెళ్లి చూశాడు, కుదిరింది. చివరికి వెళ్లి చూశాడు, కుదిరింది. సాకేత్ కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు వాడికి భయంకరంగా ఆకలేసింది. మాస్టారి బల్లమీద ఉన్న రెండో అరటిపండు అడగకుండానే వలిచి తినేశాడు. మాస్టారు చూడనట్టు ఊరుకున్నారు.

"జూమ్ మళ్లీ పెట్టుకుంటావా?"

సాకేత్ తల అడ్డంగా ఊపాడు.

"ఆ చప్పుడు?"

"ముట్టుకోను మాస్టారూ."

మాస్టారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. "మొదట కొట్టలేదు. సరే. మరి చివరైనా కొడతావా, లేదా?"

"ఇంకెందుకు మాస్టారూ? మామ్మగారిది కుదిరిపోయిందిగా!"

"మామ్మగారి సంగతి నేనడిగానా?"

సాకేత్ నోట్లో అరటిపండు అలాగే ఉండిపోయింది. కాసేపటికి మింగాడు. లేచి వెళ్లిపోయాడు. వెనకాల యాదమ్మ గొంతు వినబడుతూనే ఉంది. "మల్ల గీసినవా సారూ!"

స్టోరులో సంతకం పెట్టి క్లాప్ బోర్డు తీసుకున్నాడు. సౌండు గది మెట్ల మీద నఫీసా ఒక్కతే కూచుని కేబుల్ చుట్టుకుంటోంది. మెడలో హెడ్‌ఫోన్లు. సాకేత్‌ని చూసి, చూడనట్టు ఇంకో చుట్టు చుట్టింది.

సాకేత్ ఆమెకి ఆరడుగుల దూరంలో నిలబడ్డాడు. వెనకాల క్రేన్ ఏదీ లేదు. క్లాప్ బోర్డు ఎత్తి, తలకిందులుగా పట్టుకున్నాడు. అక్షరాలన్నీ కాళ్లు పైకెత్తాయి.

టక్!

పిట్టగోడ మీది పావురాలు లేచిపోయాయి.

నఫీసా చేతిలో కేబుల్ ఆగింది. బోర్డు వంక చూసింది, వాడి గడ్డం వంక చూసింది. తాపీగా హెడ్‌ఫోన్లు తీసి చెవులకి పెట్టుకుంది. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

"వన్స్ మోర్," అంది.

సాకేత్ మళ్లీ కొట్టాడు.